అచ్చాయమ్మ చూసిన గీత

సఖినేటిపల్లి రేవులో ఎవరికి ఎవరిమీద కుళ్ళో ఊరందరికీ తెలుసు. పక్కవాడి కొబ్బరిగెలకి నాలుగు కాయలు ఎక్కువ దిగాయని ఒకడు ఏడుస్తాడు. తోడల్లుడు డాబా మీద ఇంకో అంతస్తు లేపాడని ఇంకొకడు మొహం మాడ్చుకు తిరుగుతాడు. ఇవన్నీ లోకంలో ఉన్నవే, అందరం చూసినవే. బంగారరాజు కుళ్ళు మాత్రం వేరు. ఆయనకి కట్టుకున్న పెళ్ళాం కంటిమీద కుళ్ళు.

కళ్ళు అందమైనవని కాదు. అచ్చాయమ్మవి మామూలు కళ్ళే, పైగా కట్టెల పొయ్యి దగ్గర పెరిగిన కళ్ళేమో, ఎప్పుడూ కాస్త ఎర్రగా ఉండేవి. ఆ కంటికి కనపడింది తన కంటికి కనపడలేదు, అదీ సంగతి. నవ్వొస్తే నవ్వుకోండి. ఆయనకి మాత్రం ఆ కార్తీకమాసంలో పది రోజులపాటు ముద్ద దిగలేదు.

బంగారరాజుది పంటు మీద ఇంజను డ్రైవరు పని. కార్లనీ మోటారుసైకిళ్ళనీ పెళ్ళివారినీ ఎక్కించుకుని వశిష్ఠ గోదావరి దాటించి నరసాపురం రేవులో దింపడం, అక్కడివాళ్ళని ఇటు తేవడం. అంతకుముందు తొమ్మిదేళ్ళు దోహాలో నీళ్ళపంపుల మెకానిక్కుగా చేశాడు. దోహా నుంచి వచ్చేవాళ్ళు ఏం తెస్తారో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈయన ఒక పొడుగాటి అట్టపెట్టె తెచ్చాడు. వీధివీధంతా మూగి చూస్తుండగా విప్పితే, నాలుగడుగుల తెల్ల గొట్టం. అచ్చాయమ్మ అందులోకి తొంగిచూసింది. అడుగున గుండ్రటి అద్దం కనపడింది.

"అయ్యో రాత! ఇంత లోపల పెడితే ఇందులో మొహం ఎలా చూసుకుంటామండీ?" అంది.

వీధి పగలబడి నవ్వింది. మర్నాటి నుంచీ ఆయన పేరు గొట్టం రాజుగారు.

కానీ ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. అది ఆకాశం చూసే టెలిస్కోపు. గొట్టానికి పనసచెక్కతో ఒక పీట చేయించి, పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య గడ్డిలో నిలబెట్టాడు బంగారరాజు. డాబా మీద పెడితే పగలంతా కాగిన శ్లాబు సెగకి బొమ్మ వణికిపోయేది, గడ్డిలో అయితే నిలకడగా ఉంటుందని ఏడాది అవస్థపడి తెలుసుకున్నాడు. కన్ను ఆనించి చూసే చిన్నముక్కని ఐపీసు అంటారు. ఆయన దగ్గర రెండున్నాయి. ఇరవై అయిదో నంబరు పెడితే బొమ్మ నలభై ఎనిమిది రెట్లు, పదో నంబరు పెడితే నూట ఇరవై రెట్లు. నంబరు తగ్గేకొద్దీ బొమ్మ పెరుగుతుందన్నమాట. ఉప్పుగాలికి లెన్సులు బూజు పట్టకుండా వాటిని బియ్యం డబ్బాలో దాచేవాడు. అన్నంలో ఎప్పుడు ఐపీసు మూత వస్తుందోనని అచ్చాయమ్మ సణుక్కునేది.

పంటు మీద రోజు విడిచి రోజు ఆయనకి రాత్రి తొమ్మిదింటిదాకా డ్యూటీ. డ్యూటీ లేని సాయంత్రాలు పెరట్లో జనం. నరసాపురం నుంచి వచ్చిన చుట్టాలు, అంతర్వేది వెళ్ళే యాత్రికులు, ఇంజను చప్పుడు మధ్య పంటు మీద పరిచయమైనవాళ్ళు. ముందు చందమామ. తర్వాత గురుడూ, ఆయన చుట్టూ నాలుగు చందమామలూ. ఆఖర్న, అందరూ చాలనుకుని వెళ్ళబోతుండగా, పదో నంబరు ఐపీసు తీసి, పంచెకొంగుతో బియ్యప్పిండి దులిపి, పెట్టి, "ఇప్పుడు చూడండి శనీశ్వరుణ్ణి" అనేవాడు. వలయంతో సహా ఆ గుండు కనపడగానే పెద్దపెద్దవాళ్ళు కూడా "ఓరి నాయనో!" అని వెనక్కి జరిగేవారు. ఆ కేక వినడం కోసమే ఆయన బతికేవాడంటే అబద్ధం కాదు.

ఇక్కడే ఒక కిటుకుంది. శని వలయంలో ఒక నల్లటి సన్నగీత ఉంటుంది. వలయం ఒక్కటి కాదు, రెండు, మధ్యలో ఖాళీ. ఆరంగుళాల అద్దానికి ఆ గీత కనపడి తీరుతుందని గొట్టంతో వచ్చిన పుస్తకంలో రాసుంది. బంగారరాజుకి కనపడలేదు. మొదటి ఏడాది కనపడలేదు, నాలుగో ఏడాది కనపడలేదు. వలయం నిండుగా విచ్చుకుని పళ్ళెంలా ఉన్న ఏళ్ళలో కూడా కనపడలేదు. చెప్పుకుంటే సిగ్గు. అందుకని ఏం చేశాడంటే, కనపడుతున్నట్టు చెప్పడం మొదలెట్టాడు. "వలయం నడిమధ్యన నల్లగీత చూసేరా? నాకైతే ఎప్పుడు చూసినా స్పష్టంగా ఉంటాదండి" అనేవాడు.

వచ్చినవాళ్ళు మనవాళ్ళు కదా! చూపించినాయన చిన్నబుచ్చుకుంటాడని, "ఆయ్, కనపడిందండి" అనేవారు. ఒక్కడంటే ఒక్కడు, పదకొండేళ్ళలో, లేదండీ కనపడలేదండీ అన్న పాపాన పోలేదు. ఆ ఆయ్ ఎలాంటి ఆయ్యో బంగారరాజుకి తెలియదా? ఆయనా ఆ నీళ్ళు తాగినవాడే. వీళ్ళకీ కనపడలేదులే అనుకుని స్థిమితపడేవాడు. ఎవరికీ కనపడని గీత తనకి కనపడకపోతే పరువుకి వచ్చిన నష్టమేముంది?

ఇంత జరుగుతున్నా అచ్చాయమ్మ ఒక్కసారీ శని వంక చూడలేదు. చందమామని చూసింది, గురుణ్ణి చూసి దణ్ణం పెట్టుకుంది. శని మాటెత్తితే మాత్రం, "నాకొద్దు బాబూ" అని వంటింట్లోకి పోయేది. ఆవిడది వృశ్చిక రాశి. ఏలినాటి శని పట్టిన దగ్గర్నుంచీ శనిత్రయోదశి వస్తే చాలు, తెల్లారకుండా బస్సెక్కి మందపల్లి వెళ్ళి తైలాభిషేకం చేయించుకుని, గుళ్ళోంచి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేది. తిరిగి చూస్తే వెంట వస్తాడట. "గుళ్ళోనే వెనక్కి తిరగని మనిషిని, మీ గొట్టంలో ఎదురుపడి కళ్ళలో కళ్ళు పెట్టమంటారా?" అనేది. శని వదిలింది. జాగ్రత్తకి ఇంకో ఏడాది ఆగింది. రెండువేల ఇరవై ఒకటి కార్తీకం, ఒక సాయంత్రం తులసికోటలో దీపం పెట్టి వస్తూ, ఏమనుకుందో ఏమో గొట్టం దగ్గర ఆగింది. "ఇప్పుడు చూడొచ్చా అండీ?"

బంగారరాజు మొహం చేటంత అయింది. పదో నంబరు పెట్టి, శనిని నడిమధ్యకి తెచ్చి జరిగాడు. ఓరి నాయనో కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఆవిడ కన్ను తియ్యలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. బొమ్మ పక్కకి జారిపోతుంటే, పదకొండేళ్ళు ఆయన్ని చూసిన అలవాటేమో, తనే గొట్టాన్ని చిటికెనవేలితో తోసుకుంది.

"ఈ చక్రానికి నల్లంచు ఏంటండీ?" అంది.

"ఏ అంచు?"

"అంచంటే మరీ అంచు కాదు. బయటి అంచుకి కాస్త ఇవతల, పెన్సిల్తో గీసినట్టు. అటు చివరా ఇటు చివరా తెలుస్తోంది. దానికి అవతల ముక్క కొంచెం మసగ్గా ఉంది, ఇవతల ముక్క తెల్లగా ఉంది. పగిలిందా ఏంటి?"

వచ్చినవాళ్ళతో బంగారరాజు చెప్పేది నడిమధ్యన అని. ఆవిడ ఎప్పుడూ ఆ మాటలు చెవిన వేసుకోలేదు, వేసుకున్నా నడిమధ్యన అనలేదు. లోపలికి వెళ్ళి పుస్తకం తీశాడు. అగ్గిపెట్టెంత బొమ్మ ఉంది అందులో. పదకొండేళ్ళుగా చూస్తున్న బొమ్మే. ట్యూబులైటు కిందకి తెచ్చి, కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. గీత నడిమధ్యన లేదు. బయటి అంచుకి కాస్త ఇవతల ఉంది.

ఇక మొదలైంది చూడండి మంట. వేరే ఎవరికి కనపడినా ఇంత బాధ ఉండేది కాదు. చదువుకున్నవాడు, ఏ హైదరాబాదు నుంచో వచ్చినవాడు చూస్తే సరే, వాళ్ళ అదృష్టం. గొట్టంలో మొహం చూసుకోడానికి వీల్లేదన్న మనిషి! శనంటే హడలిపోయి వంటింట్లో దూరిన మనిషి! పదకొండేళ్ళు మంచులో నిలబడి మెడ పట్టేసి కళ్ళు కాయలు కాసేలా చూసింది తను. దీపం పెట్టి వస్తూ వస్తూ, పట్టుచీర చెంగు దోపుకుని, ఒక్క చూపులో కొట్టేసింది ఆవిడ. ఆ పూట పప్పుచారు వడ్డిస్తూ, "ఉప్పు సరిపోయిందా అండీ?" అనడిగితే, "అన్నీ నీకే తెలుస్తాయిగా" అన్నాడు. ఆవిడ తెల్లబోయింది.

మర్నాడు పొద్దున్న కథ ఇంకా ముదిరింది. పంటుకి బయల్దేరుతూ గుమ్మం దాటబోయి ఆగిపోయాడు. వాకిట్లో పెద్ద ముగ్గు. గుండ్రటి గుండు, చుట్టూ కోలగా చక్రం, చక్రమంతా పిండి దట్టంగా నింపి, బయటి అంచుకి కాస్త ఇవతల సన్నటి సందు వదిలింది. ఎదురింటి సువార్తమ్మ నడుం మీద చెయ్యేసుకుని చూస్తోంది.

"ఏం ముగ్గు ఒదినా ఇది, కొత్తగా ఉంది?"

"శని మహానుభావుడు. రాత్రి చూసేను."

"అమ్మో! ఇంటి ముందు ఆయన్నెవరైనా వేసుకుంటారా?"

"నన్ను వదిలేసేడుగా. ఇంకా భయమెందుకు?" అంటూ వేలితో ఆ సందు చూపించింది అచ్చాయమ్మ. "ఇదుగో, ఇక్కడ నల్లగా గీత. ఎంత సన్నగా ఉందనుకున్నావ్, నా కళ్ళని నేనే నమ్మలేదు."

పాలవాడు ఆగాడు. ఇంకో ఇద్దరు ఆగారు. బంగారరాజు గిర్రున వెనక్కి తిరిగి, నూతి దగ్గర బకెట్టు నింపుకొచ్చి, శని మీద ఒక్క గుమ్మరింపు గుమ్మరించాడు. గుండూ చక్రమూ కలిసి తెల్లగా కాలవలోకి పోయాయి.

"గుమ్మం ముందు శనేంటి? ఇంటికి అరిష్టం!" అన్నాడు.

పదకొండేళ్ళుగా కనపడ్డవాడికల్లా శనిని చూపించిన మనిషి అన్న మాట అది. సువార్తమ్మ నోరు వెళ్ళబెట్టింది. అచ్చాయమ్మ తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆ పూటంతా ఇంజను దగ్గర కూర్చుని, తను చేసింది నీచమని బంగారరాజు తనని తనే తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే, సాయంత్రానికి ఇంకోటి ఆలోచించాడు.

ఆవిడ కన్ను గొప్పదేం కాదు, తన గొట్టానికే శక్తి చాలట్లేదు. నూట ఇరవై రెట్లకే ఆవిడకి అంత కనపడితే, మూడొందలు చేస్తే తనకి కనపడదా? ఆరొందలు చేస్తే? మర్నాడే నాలుగో నంబరు ఐపీసుకీ, బొమ్మని రెట్టింపు చేసే ఇంకో లెన్సుకీ ఫోన్లో ఆర్డరు పెట్టాడు. అవి వచ్చేదాకా గొట్టం మీద దుప్పటి తియ్యలేదు. అచ్చాయమ్మ రెండుసార్లు, "ఈ పూట మబ్బు లేదండీ" అంది. వినపడనట్టు ఊరుకున్నాడు. తొందర కూడా ఉంది మరి. వలయం ఏటేటా మూసుకుంటోంది. ఇంకో మూడేళ్ళకి దారంలా అయిపోయి, మళ్ళీ ఇంతలా విచ్చుకునేసరికి తనకి అరవై దాటుతాయి. అప్పటికి తన చూపెంతో, తనెంతో.

పార్సెలు వచ్చింది. ఈసారి సాక్షి ఉండాలనుకున్నాడు. హైస్కూల్లో సైన్సు చెప్పే శ్యామ్ బాబు మేష్టార్ని ఆరున్నరకి పిలిచాడు. అచ్చాయమ్మని కూడా, "నువ్వూ రా" అన్నాడు. ఆవిడ ముందే తను గీతని చూసి, మేష్టారి ఎదుట దాని కొలతలు చెప్పాలని ఆయన ఉబలాటం.

నాలుగో నంబరు పెట్టాడు. శని పెద్దదయ్యింది, నిజమే. పెద్దదై, కాగే నూనెలో వేసిన బూరెలా అటూ ఇటూ ఊగుతోంది. రెట్టింపు లెన్సు కూడా తగిలించాడు. బూరె కాస్తా గోధుమరంగు పొగలా పరుచుకుంది. కన్ను ఆనించేలోపు పక్కకి పారిపోతోంది. వెతికి పట్టుకుంటే దాని మీద నల్లటి నలకలూ దారప్పోగులూ.

"లెన్సంతా చెత్తండి మేష్టారూ! కొత్తదని పంపించి పాతది అంటగట్టేరు," అన్నాడు బంగారరాజు.

మేష్టారు చూశారు. లెన్సు విప్పి టార్చీ వేసి తిప్పి తిప్పి చూశారు. "శుభ్రంగానే ఉందండి రాజుగారూ. ఇంత చిన్న ఐపీసు పెట్టినప్పుడు మన కంట్లో ఉన్నవే మనకి కనపడతాయండి. నీళ్ళ మీద ఎండ చూసి చూసి ఉన్న కళ్ళు కదా తమవి. ఒకసారి కంటి డాక్టరికి చూపించుకోండి."

"నా కళ్ళకేవండీ! ఆవలి రేవులో దిగే మనిషిని ఇక్కణ్ణించి పేరు పెట్టి పిలుస్తాను!" బంగారరాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆయ్, నిజవేనండి," అని తగ్గారు మేష్టారు. "అది కాదండీ, ఆరంగుళాల అద్దం పట్టే వెలుతురు ఇంతేనండి. పావుశేరు పాలలో బిందెడు నీళ్ళు పోస్తే గిన్నెలు నిండుతాయి గానీ పాలు పెరగవు కదండీ. మన ఊరి గాలికి నూట ఇరవై, మహా అయితే నూట యాభై. ఆ పదో నంబరే పెట్టండి."

అచ్చాయమ్మ అప్పటికే బియ్యం డబ్బాలోంచి పదో నంబరు తెచ్చి నిలబడి ఉంది. పెట్టక తప్పలేదు. బంగారరాజు చూశాడు. చిన్నగా, ముత్యంలా, నిలకడగా ఉంది శని. గీత లేదు.

"అమ్మగారికి కనపడిందటగా, ఊళ్ళో అనుకుంటున్నారు. ఏదీ, చూసి చెప్పండి," అన్నారు మేష్టారు.

ఆవిడ వంగింది. ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు బంగారరాజు. ఉందని ఆ నోటంట వచ్చిందా, ఈ పెరట్లో నిలువునా కూరుకుపోవడమే. కనపడకూడదు, భగవంతుడా, ఈవిడకి కనపడకూడదు, అనుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి చెడు కోరుకోవడం అదే మొదలు. అచ్చాయమ్మ చాలాసేపు చూసింది. తలెత్తి, ఒక్క క్షణం మొగుడి మొహం వంక చూసింది.

"ఏవీ లేదండి మేష్టారూ. ఆ రోజేదో భ్రమపడ్డట్టున్నాను. కంటిమీద వెంట్రుక పడిందో ఏవో."

మేష్టారు కూడా వంగి చూసి, ఇద్దరి మొహాలూ చూసి, "ఆయ్... ఉన్నట్టూ ఉందండి, లేనట్టూ ఉందండి," అని సైకిలెక్కారు.

ఆ పూట బంగారరాజు పంచెకట్టు సడలించుకుని భోంచేశాడు. వంకాయకూర మారు వడ్డించుకున్నాడు. పెరుగు ముందు ఆవకాయ అడిగాడు. "భ్రమలేవే, అందరికీ ఉండేదే," అని పెళ్ళాన్ని ఓదార్చాడు కూడా. "పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే భ్రమపడ్డారు." అచ్చాయమ్మ తలూపి, ఇంకాస్త పెరుగు వేసింది. ముద్ద దిగని మనిషి తింటున్నందుకు ఆవిడ మొహం నిజంగానే వెలిగింది. ఆయన దాన్ని కూడా తన గెలుపులోనే వేసుకున్నాడు.

పది రోజులు హాయిగా గడిచాయి. పంటు మీద ఈల వేశాడు. వచ్చిన చుట్టాలకి మళ్ళీ నడిమధ్యనే గీత చూపించాడు. అంచుకి ఇవతల అని చెప్పొచ్చు, పుస్తకం చూశాడుగా. కానీ అది ఆవిడ మాట. ఆవిడ మాట తన నోటంట రావడానికి మనసొప్పలేదు.

కార్తీకం ఆఖరి వారంలో ఒక రోజు, రాత్రి డ్యూటీ. ఆ సాయంత్రం పాటుకి నీళ్ళు బాగా తీసేసి, సఖినేటిపల్లి వైపు పంటు ఇసకలో ఆనుకుంది. మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదన్నారు. ఏడింటికల్లా ఇంటిదారి పట్టాడు బంగారరాజు. దగ్గరదారని వెనక తోటలోంచి వచ్చాడు. పెరటి దడి దగ్గరికి వచ్చేసరికి మాటలు వినపడ్డాయి. కొబ్బరాకు సందులోంచి చూస్తే, గొట్టం మీద దుప్పటి లేదు. సువార్తమ్మ ఐపీసు మీద వంగి ఉంది. అచ్చాయమ్మ పక్కన నిలబడి, చిటికెనవేలితో గొట్టాన్ని తోస్తోంది.

బంగారరాజు ఒళ్ళు భగ్గుమంది. తను లేని రోజు చూసి, తన గొట్టం! పదో నంబరు కూడా తీసింది, బియ్యం డబ్బా మూత గడ్డిలో పడుంది!

"తొందరపడకు. ఊపిరి బిగబట్టి చూడు," అంటోంది అచ్చాయమ్మ. "గుండు వైపు చూడకు. చక్రం చివర, ఆ మలుపు దగ్గర చూడు. గాలి ఒక్క క్షణం నిలుస్తుంది, అప్పుడు తెలుస్తుంది."

"లేదొదినా... లేదు... ఆ! ఓలమ్మో! ఉంది! ఉందొదినా, సూదిమొనంత!"

"ఉంది కదూ! నాతో పాటు ఇంకో మనిషి చూసేరంటే ప్రాణం లేచొచ్చింది." అచ్చాయమ్మ చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది. "కానీ మీ అన్నయ్యగారితో అనకు. నీకు దణ్ణం పెడతాను."

"ఎందుకూ? ఆయన అందరికీ చూపిస్తారుగా?"

"చూపిస్తారు. ఆయన చూడలేదు." అచ్చాయమ్మ గొంతు తగ్గించింది. "నడిమధ్యన అంటారు, విన్నావా ఎప్పుడైనా? చూసినవాళ్ళు నడిమధ్యన అనరు. నేను చూసిన రోజే తెలిసిపోయింది. పదకొండేళ్ళు పాపం మంచులో నిలబడ్డారు, సువార్తా. నేను చూసేనని తెలిసి పది రోజులు అన్నం తినలేదు. నా గీత ఎక్కడికి పోతుంది, ఆయన డ్యూటీకి వెళ్ళేక చూసుకుంటాను. ఆయన తిననీ."

దడి ఇవతల బంగారరాజు కొబ్బరిమట్ట పట్టుకుని నిలబడిపోయాడు. వెనక్కి తిరిగి రేవుకి పోవచ్చు. తొమ్మిదిన్నరకి మామూలుగా వీధిగుమ్మంలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, భోంచేసి పడుకోవచ్చు. ఆవిడ ఎప్పటికీ చెప్పదు. సువార్తమ్మ చెప్పదు. పరువు ఎక్కడిదక్కడే ఉంటుంది. కానీ ఆవిడ దయ మీద నిలబడిన పరువు అది, ఇక ఎలా మోస్తాడు? గీత చూసిందని ఇన్నాళ్ళూ కుళ్ళిపోయాడు. ఇప్పుడు ఇంకోటి తెలిసింది. ఆవిడ తనని కూడా చూసింది, అంత స్పష్టంగానూ చూసింది. ఆ కుళ్ళుకి అంతు లేదు.

గట్టిగా దగ్గి, దడి తలుపు తోసుకుని వచ్చాడు. సువార్తమ్మ, "పొయ్యి మీద పులుసు పెట్టొచ్చేనండి అన్నయ్యగారూ," అంటూ నిలవకుండా వెళ్ళిపోయింది. అచ్చాయమ్మ దుప్పటి అందుకోబోయింది.

"ఉండనీ," అన్నాడు.

వంగి కన్ను ఆనించాడు. ఆవిడ కంటికి కుదిర్చిన బొమ్మ. చక్రం చివర, మలుపు దగ్గర చూశాడు. ఊపిరి బిగబట్టాడు. గాలి నిలిచే క్షణం కోసం చూశాడు. ఎడమ కన్ను మార్చి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"కనపడిందా అండీ?" అంది అచ్చాయమ్మ, మెల్లిగా. ఎటు చెప్పినా నమ్మడానికి సిద్ధంగా ఉంది ఆ గొంతు.

పదకొండేళ్ళు నోట్లో నానిన అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదే," అన్నాడు బంగారరాజు. "ఒక్కసారి కూడా కనపడలేదు. ఎప్పుడూ."

ఆవిడ జాలి చూపిస్తే ఆయన అక్కడే విరుచుకుపడేవాడు. చూపించలేదు. తలెత్తి కొబ్బరిచెట్ల వంక చూసి, "మట్ట చాటుకి వెళ్ళిపోతోందండి, జరగండి," అని భుజంతో ఆయన్ని పక్కకి తోసి, తను వంగింది.

బంగారరాజు జరిగాడు. ఆవిడ వీపు మీద మంచు పడుతుంటే తన తువ్వాలు తీసి కప్పాడు. కడుపులో మంట అలాగే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు. ఇంకెవరికైనా అయితే ఇచ్చి ఉండేవాడు కాదు ఆ చోటు.

"ఉందా?" అన్నాడు.

"ఉందండీ."

"ఎలా ఉంది?"

ఆవిడ చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఆవిడ ఆపింది.

"ఇంకా చెప్పు," అన్నాడు.